ఇటుకలు మోసినామె సాక్ష్యం

హిందీవాళ్ల ఊళ్లో, రుఆబాంధా క్వార్టర్లో కూతురు కంప్యూటర్ ముందు కూర్చునేసరికి తల్లి పక్కనే కూర్చుని చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆ బటన్ నొక్కీకే, ఆగు! పేజీ అంతా పోతే పోలీసులొచ్చేస్తారు."

"టెన్షన్ మత్ లో అమ్మా, కంగారు పడకు. మన తెలుగు బడికి ఆడోళ్లే ఇటుకలు మోశారని వికీలో రాశాను. ఎవడో అబద్ధమని తీసేశాడు. ఈ 'రద్దుచెయ్యి' నొక్కితే ఆడు చేసిన మార్పొక్కటే పోద్ది. మిగతాదంతా భద్రంగానే ఉంటాది."

"అబద్ధమన్నాడా?"

"అవును. ఎందుకు రద్దు చేస్తున్నానో కారణం రాయమంటోంది. ఏటి రాయను?"

తల్లి చెయ్యి నడినెత్తిని తడుముకుంది. ఇటుకల బరువు అక్కడింకా ఉన్నట్టే ఉంది.

"మోసిన మనిషి పక్కనే కూకుందని రాయ్. నొక్కు."

"మరి పోలీసులో?"

"రానీ. ఆళ్లకి బడి గోడ చూపిస్తాను."