అనాతోల్ జేబులో చెక్కు

మా బంతాట సంఘానికి ఏటా సెప్టెంబరులో చందా కట్టాలి. అదీ చెక్కుతోనే, కార్డులూ గీర్డులూ చెల్లవు. లెక్కలు చూసే సొలాంజ్ కాఫీ హోటల్లో బల్ల దగ్గర కూర్చుంటే మేమందరం ఇచ్చేసి తలో గ్లాసు సోంపు సారా పుచ్చుకున్నాం. మిగిలింది అనాతోల్ ఒక్కడే. ఏప్రిల్లో భార్య ఒదీల్ పోయాక ఆయన మనుషుల్లోకి రావడం ఇదే మొదలు. చెక్కు చొక్కా జేబులోంచి కనిపిస్తూనే ఉంది గానీ, తియ్యడు.

"ఇస్తానుండవమ్మా, ఏం తొందర? చెక్కు రాయడమంటే సంతకం గెలికి పారెయ్యడమనుకున్నారా? ఈ రెమీలాంటి వాళ్ళు ముందు అంకెలు వేసేసి, అక్షరాల దగ్గరికొచ్చాక బుర్ర గోక్కుంటారు. ముందు అక్షరాలు రాయాలయ్యా! తేడా వస్తే బ్యాంకువాడు నమ్మేది అక్షరాలనే. ఎడం అంచున మొదలెట్టాలి, ఈగ దూరే సందుండకూడదు. తర్వాత అంకెలు, ఎవరికో ఆ పేరు, ఊరు, తేదీ. మిగిలిన ఖాళీలో అడ్డగీత. నా అడ్డగీత చూసి మేనేజరు లేచి నిలబడ్డాడు, తెలుసా?"

"కుర్చీ విరిగిందేమో," అన్నాడు రెమీ.

"నవ్వు, నవ్వు. ఆయన ఆ చెక్కుని పారిస్ పంపించాడు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రైలు ఇంజనీర్లు పరుగెత్తుకొచ్చి నా గీత పక్కన స్కేలు పెట్టి చూశారు. స్కేలే వంకరని తేలింది! దాన్ని పారేసి, నా గీత ప్రకారం కొండల అవతలి దాకా పట్టాలు పరిచారు."

"అటువైపు అసలు రైలే లేదుగా!"

"ఎలా ఉంటుందీ? మొదటి రోజే బయల్దేరింది, ఎక్కడా మలుపు లేదాయె, ఆగడం చేతకాక సముద్రం దాటి పోయింది. అల్జీర్స్‌లో దిగిన వాళ్ళు ఈనాటికీ నాకు ఖర్జూరాలు పంపిస్తారు. ఇంకోసారి ఓ దొంగ వెధవ నా చెక్కులో సున్నా చేర్చడానికి మూడు రోజులు చోటు వెతికి, ఏడ్చుకుంటూ పోయి మఠంలో కలిశాడు. వాడిప్పుడు అక్కడ పెద్ద గురువు!"

మేం పొట్టలు పట్టుకున్నాం. సొలాంజ్ మాత్రం నవ్వలేదు. "కోసింది చాల్లే," అంటూ ఆయన జేబులోంచి చెక్కు లాగేసింది. చదివింది. మళ్ళీ చదివింది.

"అనాతోల్, ఇది ఒదీల్ చేతిరాత. ముప్ఫై ఏళ్ళుగా మీ చెక్కులు తీసుకుంటున్నాను, సంతకం తప్ప నువ్వేనాడు ఒక ముక్క రాశావు గనక?"

అనాతోల్ గ్లాసు కింద పెట్టాడు.

"ఆస్పత్రికి వెళ్ళే రోజు పొద్దున రాసిపెట్టింది. నేను మర్చిపోతానని. తేదీ ఒక్కటే వెయ్యలేదు."

"ఇద్దరి చందా రాసింది."

"ఆఁ. తిరిగొస్తాననే అనుకుంది. ఇచ్చేద్దామనే తెచ్చాను సొలాంజ్. బ్యాంకుకి పోతే మళ్ళీ రాదు కదా, చెయ్యి రావట్లేదు. రాసేసి నా ముందుకి తోసి, 'ఊఁ, పెట్టు సంతకం' అనేది. నిన్నంతా వంటింట్లో బల్ల దగ్గర కూర్చున్నాను, ఆ మాట వినబడుతుందేమోనని. ఎంత వినాలనుందో నీకెలా చెప్పను?"

సొలాంజ్ ఆ చెక్కుని మడత పడకుండా ఆయన జేబులోనే పెట్టింది. తన కలం తీసి ఆయన వేళ్ళ మధ్య ఉంచింది.

"చెక్కు పుస్తకం తియ్యి. నేను చెప్తాను, నువ్వు రాయి."

అనాతోల్ పుస్తకం తీసి, కళ్ళజోడు పెట్టుకుని, ఖాళీ చెక్కు మీది గీతల వంక చూశాడు.

"ఎంతని రాయను?"

"ముప్ఫై యూరోలు. అక్షరాల్లో."

"ఒక్కడికేగా?"

"ఒక్కడికే," అంది సొలాంజ్.