వేదవతక్క రాసిన పత్రాలు

తన్మయీ! ఓ తన్మయీ, ఇటు రా బిడ్డా. ఎండల ఎటు పోతున్నవ్? కూసో, ఆ కుర్చి మీది కాయిదాలు జర పక్కకు పెట్టు. నౌకరీ ఇడిశిపెడ్తున్నవట గద, రాసుడే పని చేస్తవట. మీ నాయన పొద్దుగాలొచ్చి ఒకటే గుణుసుడు. "మా అక్క లెక్కనే తప్పులు రాసి పరువు తీస్తది, రాఘవేందర్, నువ్వన్న చెప్పరాదు" అన్నడు. చెప్తనన్న. అందుకే పిలిచిన. చాయ్ తాగుతవా? సరే, తర్వాత.

మీ మేనత్త వేదవతక్క రెండువేల తొమ్మిదిల నౌకరీకి రాజీనామా ఇచ్చి, నారాయణగూడ నుంచి సీదా ఈ దుకాణానికే వచ్చింది. అప్పుడు గూడ గిదే డీటీపీ పని, టైపు కొట్టి అచ్చు తీసుడు, కంప్యూటర్ మాత్రం పాతది, దాని మీద తువ్వాల కప్పెటోన్ని... ఏం చెప్తున్న? ఆఁ. చిక్కడపల్లిల రోజొక సన్మానం గద. శాలువ, దండ, ఫ్రేము కట్టిన పత్రం. ఆ పత్రంల అందరికీ ఒకటే మాట, సహృదయులు, మృదుభాషులు. పేరు మార్చి నేనే అచ్చు తీసెటోన్ని. అక్క అవి చదివి, "ఈ నలుగురూ ఒకటే మనిషా రాఘవేందర్?" అనడిగింది. ఇగ తనే రాసుడు షురూ చేసింది. ఎట్ల రాసేదో ఎరికేనా? సన్మానం ఎవరికో ఆయన్ని అడగకపోయేది. వాళ్లింటికి పోయి, వంటింట్ల కూసోని, ఆయన భార్యనడిగేది. నల్లకుంటైనా గాంధీనగరైనా నడిచే పోయేది, గొడుగొకటి, సంచొకటి. ఒక్క ముచ్చటన్న నిజంది ఉండాలె అనేది. రెండేండ్లల్ల ఎట్లైందంటే, సన్మానం తారీఖు గూడ అక్కనడిగి పెట్టుకునెటోళ్లు.

మరి మీ నాయన అనే ఆ తప్పు, బుగ్గయ్య సారు సంగతి. రిటైరైన పెద్ద ఇంజనీరు. అదే స్టేజి మీద ఒక హార్మోనియం మాస్టరుకు గూడ సన్మానం. బుగ్గయ్య సారు పత్రం చదువుతున్నరు, "వీరు తెల్లవారగానే లేచి, శ్రీమతికి స్వయంగా టీ కాచి ఇచ్చిన తరువాతనే తమ పని మొదలుపెడతారు" అని. ముందు వరుసల ఆయన భార్య ఆశమ్మ నెమ్మదిగనే అన్నది, "ఈయననా? మా ఇంట్ల పొయ్యి ఎటు దిక్కున్నదో ఎరికేనా ఈయనకు?" హాలంత నవ్వుడే. నాకు గూడ నవ్వొచ్చింది బిడ్డా, తర్వాత సమజైంది. పైన పేరు బుగ్గయ్యది, కింద ముచ్చట మాస్టరుది. సభ నడిపే రామచంద్రయ్య సారు మా ఇద్దర్ని పక్కకు పిలిచి, తప్పెవరిదని అడిగిండు. ఆయన పనులన్నీ నా దుకాణానికే వచ్చేటియి. తలకాయ వంచుకోని, అక్క ఎట్లిస్తే అట్ల కొట్టిన సార్ అన్న. అక్క నా దిక్కు చూసింది. కోపంగ కాదు. "అవు సార్, నాదే తప్పు" అన్నది.

ఆర్నెల్లు అక్కను ఎవ్వరు పిలువలే. నౌకరీకి తిరిగి పొమ్మని మీ నాయన అప్పుడే అన్నడు. పోలే. అశోక్‌నగర్‌ల గల్లీ గల్లీ తిరిగి మళ్ల ఒక్కొక్కల్ని తెచ్చుకున్నది, అంతకుముందు కంటె ఎక్కువనే. ఆ ఆర్నెల్లు గూడ రోజు వచ్చి నువ్వు కూసున్న కాడ్నే కూసునేది. ఆ ముచ్చట ఎన్నడు తియ్యలే. నేనూ తియ్యలే. రెండువేల పద్నాలుగుల, వానకాలంల, అక్క పానం పాయె.

ఆ సొరుగు గుంజు. గట్టిగ గుంజు బిడ్డా, పట్టేస్తది. ఆ పసుపువచ్చ కాయిదం తియ్యి. ఆమె చేతిరాతనే. టీ ముచ్చట మీద ఎవరి పేరు రాసి ఇచ్చిందో చదువు. మాస్టరు పేరే గద. సరిగనే ఇచ్చింది. పేర్లు తారుమారు కొట్టింది నేను. ఆమె మీదికి తోసింది గూడ నేనే, తన్మయీ.