నాలుగో దిండు గురించి ఒక సాక్ష్యం

1993వ సంవత్సరం జూలై ఐదవ తేదీ, సోమవారం ఉదయం, మన తోలుపెట్టెల సంస్థలోని నమూనాల విభాగంలో ఇద్దరు యువకులు ఉద్యోగంలో చేరారు. ఒకరు, నేడు భాగస్వామ్య రూపకల్పన విభాగాధిపతిగా పదవీ విరమణ చేస్తున్న, మనమందరం అభిమానంతో ‘నిదానంగారు’ అని పిలుచుకునే పెద్దమనిషి. రెండవవాణ్ణి నేను. నేను ఎనిమిదిన్నరకే వచ్చి వరండాలో బల్ల మీద కూర్చున్నాను. వారు తొమ్మిదింబావుకు, తడిసిన గొడుగు దులుపుకుంటూ వచ్చి తలుపు ముందు నిలబడ్డారు. గుమస్తాగారు తలుపు తీసి, ఎదురుగా కనిపించిన మనిషితో “రావయ్యా, ముందు నువ్వు సంతకం పెట్టు” అన్నారు. హాజరు పుస్తకంలో వారి పేరు నా పేరుకు ఒక వరుస పైన పడింది. ఆ ఒక్క వరుసే మా మధ్య సీనియారిటీ అయి ముప్పైరెండు సంవత్సరాలు నిలిచింది.

వీడ్కోలు సభలో చదివి, అభినందన సంచికలో అచ్చువేసే వ్యాసాన్ని ఇలా ప్రారంభించడం మర్యాద కాదని నాకు తెలియకపోలేదు. అయితే సంచిక సంపాదకవర్గంవారు “ఆయన్ని మీకంటే బాగా ఎరిగినవాళ్లెవరండీ, మీరే రాయాలి” అని పట్టుబట్టారు. వారన్నది నిజమే. అసూయపడేవాడు గమనించినంత శ్రద్ధగా ఆత్మీయులు కూడా గమనించరు. వారి సర్వీసులోని ప్రతి మెట్టూ తేదీతో సహా నాకు కంఠస్థం, ఎందుకంటే ఆ ప్రతి తేదీనాడూ నాకు అన్నం సయించలేదు.

తొలి ఆరు సంవత్సరాలూ మేమిద్దరం పక్కపక్క బల్లల మీద అట్టలు కత్తిరించాం. ఎవరు ఏ ఆపదతో పరుగెత్తుకొచ్చినా, కత్తెర పక్కన పెట్టి, “నిదానం, ముందు కూర్చో” అని స్టూలు జరపడం వారికి ఆనాటి నుంచే అలవాటు. 1999లో ఒక సుప్రసిద్ధ పరిమళాల సంస్థ మనతో చేయి కలపడానికి ముందుకు వచ్చింది. రెండు సంస్థల పేర్లూ ఒకే వస్తువు మీద వేసి, కొద్ది సంఖ్యలో, అత్యుత్తమంగా తయారుచేసే ఈ పద్ధతి అప్పటికి మనకు కొత్త. పన్నెండు సీసాలు పట్టే ప్రయాణపు పెట్టె కావాలన్నారు. మా ఇద్దరినీ చెరొక నమూనా చేయమన్నారు. నిదానంగారు సీసాల నిండా రంగునీళ్లు పోసి, వాటిని తమ నమూనా పెట్టెలో సర్ది, మూడు వారాలపాటు కిక్కిరిసిన బస్సులో ఇంటికీ ఆఫీసుకూ మోశారు. “నీళ్లు మోయడానికి కూడా జీతమిస్తున్నారు మనవాళ్లు” అని నేను పదిమందిలో నవ్వాను. వారి పెట్టెలోంచి ఒక్క చుక్క కూడా కారలేదు. నా పెట్టె వారిదానికంటే అందమైనదని ఈనాటికీ అంటాను. రెండవ రోజునే అది కారిందన్నది వేరే సంగతి.

అటుపైన వారికి తిరుగు లేకపోయింది. 2004లో పింగాణీ సంస్థవారి టీ కప్పుల పెట్టె, 2008లో వాద్యాల సంస్థవారి వయొలిన్ పెట్టె, ఇలా ఏటేటా ఒకటి రెండు. దేశదేశాల రూపశిల్పులు మన మెట్లెక్కి వచ్చి, ఎదురైన నాతో మర్యాదగా కరచాలనం చేసి, నా భుజం మీదుగా లోపలికి చూస్తూ “ఆయన ఉన్నారా?” అని అడిగేవారు. నేను నాణ్యతా పరిశీలన విభాగానికి మారాను. అది పదోన్నతే అని మా ఆవిడకు చెప్పాను. ఆవిడ “ఆయనకేమిచ్చారు?” అని అడిగింది.

ఇక 2011. ఈ సంవత్సరం గురించి మీ అందరికీ తెలుసు, లేదా తెలుసునని మీరు అనుకుంటున్నారు. మూడు తరాలుగా చేతి గడియారాలు చేస్తున్న ఒక సంస్థ కోసం ఏడు గడియారాలు పట్టే పెట్టె తయారైంది. లోపల ఏడు చిన్న దిండ్లు, వాటికి బూడిదరంగు మఖమలు. ఏడింటిలో నాలుగవది, అంటే నడిమిది, మిగతావాటికంటే ఒక ఛాయ ముదురు. ఆ ఒక్క ముదురు దిండుకు పత్రికలు పేజీలు కేటాయించాయి. తర్వాత వచ్చిన ప్రతి భాగస్వామీ “మాకూ అలాంటిదొకటి పెట్టండి” అన్నారు. మన సంస్థ ముఖద్వారం దగ్గర అద్దాల బీరువాలో ఉన్నదీ ఆ పెట్టే.

మఖమలుకు ఒక వాలు ఉంటుంది. వాలు వెంట నిమిరితే లేతగా, ఎదురు నిమిరితే ముదురుగా కనబడుతుంది. ఆ దిండ్ల గుడ్డను నిదానంగారు స్వయంగా కోశారు. నాలుగవ ముక్క పొరపాటున తలకిందులుగా పడింది. మరునాడు ఆ నమూనా మీద ఇరుపక్షాల ప్రతినిధులూ సంతకాలు చేసి, లక్కముద్ర వేయాలి. ఒకసారి ముద్ర పడితే, అందులో ఎలా ఉంటే తయారయ్యే ప్రతి పెట్టెలోనూ అలాగే ఉండాలి, దారం పోగు కూడా తేడా రాకూడదు. ముద్రకు ముందు పరిశీలించవలసిన ఉద్యోగి ఎవరంటే, నేను.

నేను పెట్టెను కిటికీ దగ్గరకు తీసుకువెళ్లి తెరిచాను. చూశాను. వేలితో నిమిరి కూడా చూశాను. పది నిమిషాలలో విప్పి మళ్లీ కుట్టించవచ్చు. పన్నెండేళ్లుగా ఎదురుచూస్తున్న తప్పు నా చేతికి చిక్కింది. పరిశీలన కాగితంలో ‘లోపాలు’ అన్నచోట ‘లేవు’ అని రాసి, గుండ్రటి అక్షరాలతో సంతకం చేశాను.

ముద్ర వేసిన మరునాడే నిదానంగారు వేరే పని మీద రెండు నెలలు ఊరు వెళ్లారు. నమూనాలో ఉన్నట్టే, మన పనివారు మూడు వందల పెట్టెలలోనూ నాలుగవ దిండును శ్రద్ధగా ఎదురు వాలున కుట్టారు. అప్పగింత రోజున గడియారాల సంస్థ యజమానురాలు, డెబ్బై ఏళ్ల పెద్దావిడ, మొదటి పెట్టె తెరిచి కళ్లజోడు సర్దుకున్నారు.

“మధ్యలోది ఎందుకిలా ముదురుగా ఉంది?”

నిదానంగారు వంగి చూశారు. వారి మొహం పాలిపోవడం నేను చూశాను, కాదనను, తనివితీరా చూశాను. “పొరపాటండీ. కోసింది నేనే. మూడు వందలూ విప్పించి మళ్లీ చేయిస్తాం, కొంచెం గడువివ్వండి” అన్నారు.

పెద్దావిడ దిండు మీద చేయి వేసి నిమిరారు. తర్వాత నవ్వారు. “మా నాన్న రోజూ పెట్టుకునే వాచీ ఎప్పుడూ నడిమధ్యన పెట్టేవాడు. చూడక్కర్లేకుండా చేతికి తెలియాలనేవాడు. ఇంత ఆలోచించి చేసి, పొరపాటంటారేంటండీ!”

“కాదండీ, నిజంగానే పొరపాటు.”

“చూశారా, ఎంత వినయమో!” అని ఆవిడ నా వైపు తిరిగి అన్నారు. నేను తల ఊపాను.

నేను తవ్విన గోతిలో వారికి లంకెబిందెలు దొరికాయి. ఆనాటి నుంచి నేటి వరకు, ఎవరు పొగిడినా నిదానంగారు “అది పొరపాటండీ” అంటూనే ఉన్నారు, ఆ మాటకు మరింత పొగడ్త వస్తూనే ఉంది. అబద్ధమాడి పేరు తెచ్చుకున్నవారిని చూసి ఓర్చుకోవచ్చు. నిజం చెప్పి తెచ్చుకునేవారిని ఎలా ఓర్చుకోవాలి?

ఈ వ్యాసం కోసం వివరాలు సేకరించడానికి గత నెలలో వారి ఇంటికి వెళ్లాను. వారి శ్రీమతి నాకు టీ ఇస్తూ, “అన్నయ్యా, ఆ గడియారాల పెట్టె సంగతి మాత్రం బాగా రాయండి. ఈయన్నడిగితే పొరపాటు, పొరపాటు అంటారు. గొప్ప దాచుకోడానికైనా ఒక హద్దుండాలి కదా” అన్నారు.

నిదానంగారు కప్పు కింద పెట్టారు. “విన్నావుటోయ్? పద్నాలుగేళ్లుగా నెత్తీనోరూ కొట్టుకుంటున్నా, సొంత ఇంట్లోనే నమ్మరు. ఆ సీసాల పెట్టెకి నేను పడ్డ పాట్లు ఎవడికైనా గుర్తున్నాయా? వయొలిన్ పెట్టెకి తొమ్మిది నమూనాలు పారేశాను. అవన్నీ పోయాయి. చెయ్యని తెలివి ఒక్కటి మిగిలింది నాకు. ఒక్కడు, ఒక్కడు నమ్మితే చాలోయ్, హాయిగా రిటైరైపోతాను.”

ఆ ఒక్కణ్ణి నేనే, ఎదురుగానే కూర్చున్నాను. నోరు తెరిస్తే, చూసీ ఎందుకు చెప్పలేదని అడుగుతారు. “మీరు మరీనండీ” అని నవ్వేసి, చెప్పులు వేసుకుని వచ్చేశాను.

కనుక సభాముఖంగా, కుటుంబసభ్యుల సమక్షంలో, ఈ సంచికలో అచ్చులో రాసి ఇస్తున్నాను. అది పొరపాటే. నేను నా కళ్లతో చూశాను, నా వేలితో నిమిరాను, తెలిసి వదిలేశాను. చెల్లెమ్మా, మీ వారు పద్నాలుగేళ్లుగా అక్షరాలా నిజం చెబుతున్నారు. మిత్రులారా, వారిని పొగడదలచుకుంటే మూడు వారాలు బస్సులో మోసిన రంగునీళ్ల గురించి పొగడండి, పారేసిన తొమ్మిది వయొలిన్ పెట్టెల గురించి పొగడండి. ఆ పని మనలో మరెవరూ చేయలేకపోయాం. నేనైతే బొత్తిగా చేయలేకపోయాను, నా అసూయకు మూలం అదే.

ఒకటవ తేదీ నుంచి విభాగాధిపతి కుర్చీ నాకు వస్తున్నది. నాకింకా రెండేళ్ల సర్వీసున్నది. సంతోషంగా ఉన్నదని చెప్పడానికి సిగ్గుపడను, అనుకున్నంత సంతోషంగా లేదని చెప్పడానికి మాత్రం సిగ్గుగానే ఉన్నది.

నిదానంగారూ, ఈ వాక్యాలు మీరు వేదిక మీద కూర్చుని మొదటిసారి వింటున్నారు. దయచేసి నన్ను వెంటనే క్షమించకండి. మీ మంచితనానికి మరొక కథ చేర్చే ఓపిక నాకు లేదు. ముప్పైరెండేళ్లలో మీరు నా మీద ఒక్కసారి కూడా కోప్పడలేదు. పోటీదారుగా లెక్కలోకి తీసుకుంటే కదా కోపం వచ్చేది! ఇప్పుడైనా కోప్పడండి. గట్టిగా, పదిమందిలో, పేరు పెట్టి పిలిచి కోప్పడండి. మీకు సంపూర్ణ ఆరోగ్యాన్నీ దీర్ఘాయుష్షునూ మనసారా కోరుకుంటున్నాను. ఆ ఆయుష్షు మీ కోపం చల్లారేదాకా సరిపోతే చాలదు. అది చల్లారిన తర్వాత మనిద్దరం ఇన్నేళ్లుగా మాట్లాడుకోనివన్నీ మాట్లాడుకోవడానికి కూడా సరిపోవాలి.