సర్వే జీపు

తాడిపత్రి దాటాక ఒక మెట్టపల్లె. ఇంటి అరుగు మీద హైదరాబాదు నుంచి వచ్చిన పరిశోధకుడు హర్ష, ఇంటామె అక్కమ్మ. లోపల అక్కమ్మ కోడలు అశ్విని నొప్పులు పడుతోంది.

"జీపు ఇవ్వడం కుదరదమ్మా. అది సర్వేకి మాత్రమే."

"దాంట్లో కాపురం పెడతామా అప్పా? ఆస్పత్రి కాడ దించి రమ్మంటాండా, అంతే గదా."

"అంబులెన్సుకి ఫోన్ చేశారుగా?"

"చేసినాం. ఇంగో ఊర్లో కాన్పుకు పోయిందంట. వస్తాంది, వస్తాంది అంటాండారు."

"వస్తుందిలెండి. నా ఇబ్బంది కూడా చూడండి. ఈ ప్రాంతంలో జనానికి వైద్యం ఎంతవరకు అందుతోందో నేను తేల్చాలి. నేనే జీపెక్కించి పంపిస్తే అందినట్టు లెక్కలోకొస్తుంది. పరిశోధన పాడవుతుంది."

"ఓహో. అందకుంటేనే నీకు బాగ."

"అలా కాదు. నేను జోక్యం చేసుకోకూడదు. ఉన్నది ఉన్నట్టు చూడాలి."

"చూసేదానికేనా అప్పా అంత చదువు చదివింది?"

"ఇంకా చదువుతున్నాను. పీహెచ్‌డీ."

"చదువు, చదువు. ఒరే ఎర్రప్పా! నీ పెండ్లాం కాడ తర్వాత కూర్చుందువు గానీ, పోయి ఆ డ్రైవరు ఓబిలేషుకు మజ్జిగిచ్చి రా. ఎండలో ఉండాడు పాపం. బాగా మాట్లాడి ఇచ్చి రా."

"మొదలుపెడదామా?"

"అడుగు."

"ఇంట్లో ఎవరికైనా జబ్బు చేస్తే ముందు ఎవరి దగ్గరికి వెళ్తారు?"

"ఏం జబ్బు?"

"ఏదైనా."

"ఏదైనా అంటే ఎట్లప్పా? పంటినొప్పికి ఒకరు, తేలు కుడితే ఒకరు, మా ఆయనకు కోపమొస్తే ఇంగొకరు. ఎవరిని రాసుకుంటావు?"

"జ్వరం అనుకోండి."

"చలి జరమా, ఉత్త జరమా?"

"అమ్మా, ఇలాగైతే సాయంత్రమవుతుంది."

"కానీలేప్పా. నాకేం తొందర లేదు."

"ఇందాక తొందరన్నారు?"

"ఇందాక ఉండె."

"ఆ చప్పుడేంటి? నా జీపేనా?"

"నీదే."

"ఓబిలేష్ ఎక్కడికి వెళ్తున్నాడు?"

"యాడికి."

"అదే, ఎక్కడికి?"

"యాడికి అప్పా!"

"నేను మిమ్మల్ని అడుగుతుంటే మీరు నన్నడుగుతారేంటి?"

"అడగలేదప్పా, చెప్తాండా."

"సరే, వదిలేయండి. నీడలో పెట్టుకోవడానికి వెళ్లుంటాడు."

"ఆ, చల్లగా ఉండనీ."

"లోపల మీ కోడలి మూలుగు వినబడ్డం లేదు. నొప్పులు తగ్గినట్టున్నాయి."

"ఈడైతే తగ్గినాయి."

"చూశారా, ఊరికే కంగారుపడ్డారు. కొంచెం ఓపిక పడితే చాలావరకు అవే సర్దుకుంటాయి."

"మా ఓపిక గురించి ప్రశ్న ఉండాదా అందులో?"

"లేదు."

"పెట్టు. దాంట్లో మాకు ఫస్టు క్లాసు."

"ఎండ నెత్తిమీదకొచ్చింది, మనమింకా మూడో ప్రశ్నలోనే ఉన్నాం. ఆస్పత్రి ఎంత దూరం?"

"ఏ ఆస్పత్రి? మా మండలందా, పక్క మండలందా?"

"మీ మండలందే. నా సర్వేలో అదొక్కటే ఉంది."

"అది శానా దూరం. పక్క మండలంది దగ్గర. మేం ఆడికే పోతాం."

"అది లెక్కలోకి రాదు."

"కడుపులో బిడ్డకు ఆ సంగతి తెల్దు గదప్పా."

"ఉండండి, ఓబిలేష్ ఫోన్. హలో, ఎక్కడున్నావయ్యా? యాడికా? నువ్వూ నన్నే అడుగుతావేంటి! ఏం ఆస్పత్రి? ఎవరిని?"

"యాడికి ఊరి పేరప్పా. పక్క మండలం. నువ్వడిగినప్పుడే చెప్పినా."

"నా జీపులో మీ కోడల్ని..."

"చలి జరమా ఉత్త జరమా అని నాతో తన్నుకలాడతాంటివే, అప్పుడు. మా ఎర్రప్ప దొడ్డి తలుపు నుంచి ఎత్తుకపోయినాడు. అదంతా తర్వాత. ముందు ఆయప్పనడుగు, ఏమైందో."

"ఆడపిల్లట. ఇద్దరూ క్షేమమట."

"అబ్బ! చల్లని మాట చెప్పినావు నాయనా. నీతో నవ్వులాడతాండా గానీ, ఇంతసేపూ నాలో నాకు ప్రాణం లేదు."

"సంతోషమేనమ్మా. కానీ పైవాళ్లకి నేనేం చెప్పుకోవాలి?"

"నువ్వేం చెప్పొద్దు. మహానుభావుడు, అడగంగానే జీపిచ్చినాడని ఊరంతా నేనే చెప్తా."

"కానీ నేనివ్వలేదు కదమ్మా!"

"ఆ మాట పోయి బాలింతతో చెప్పు."