కుండ నీళ్లు

ఊళ్లె ఇరవై ఏండ్లసంది నల్లా నీళ్లు విడిచే ఆయన, మొన్న ఇచ్చిపోయిన సీసా నీళ్ల రిపోర్టు కోసం తార్నాకల బస్సు దిగి, యూనివర్సిటీ ల్యాబు మెట్ల మీద, అండ్లనే నీళ్లు పరీక్ష చేసే కూతురి పక్కన కూసున్నడు.

"నీళ్లల్ల ఒక్క క్రిమి లేదు బాపూ."

"నేను చెప్పలే? నా చేతి నీళ్లు బిడ్డా అవి!"

"కానీ నువ్వు రోజూ ట్యాంకుల వేసే బ్లీచింగ్ జాడ గూడ లేదు. సీసా ఏడ నింపినవ్?"

"ఇంట్ల, కుండలకెల్లి. ఏడైనా అవే నీళ్లు కదా."

"కాదు బాపూ. అమ్మ నల్లా నీళ్లు కాచి, సల్లార్చి కుండల పోస్తది. నీకు తెలిస్తే మనసు కష్టపెట్టుకుంటవని నువ్వు డ్యూటీకి పోయినంకనే కాస్తది."

"ఎప్పటిసంది?"

"చిన్నప్పుడు నాకు కామెర్లయినయి కదా, అప్పటిసంది."

వాడకట్టంతా తిరిగి "మా ఇంట్ల కాస్తమా, మీరెందుకు కాచుడు?" అని తను దబాయించింది ఆయనకు యాదికొచ్చింది. ఆపుకోలేనంత నవ్వొచ్చింది.

"ఈసారి నల్లా కాడనే పట్టుకొస్తా. సక్కగ చూడు. తప్పుంటే తప్పనే రాయి."

"రాస్త."

"ఇంకోటి బిడ్డా. నాకు తెలిసిందని మీ అమ్మకు చెప్పకు. మనసు కష్టపెట్టుకుంటది."