గుక్కెడు నీళ్లు

ఉదయం రౌండ్లు ముగిశాక వార్డు పక్కనున్న డాక్టరు గదిలోకి ఆమె తలుపైనా తట్టకుండా విసవిసా వచ్చింది.

“మా చెల్లికి రాత్రి నుంచి గుక్కెడు నీళ్లివ్వలేదు. నాలుక పిడచకట్టుకుపోయింది.”

“మధ్యాహ్నం మోకాలి ఆపరేషన్ కదమ్మా. కడుపు ఖాళీగా ఉండాలి.”

“పోయినేడు ఇదే వార్డులో, ఇదే ఆపరేషన్‌కి, రెండు గంటల ముందు దాకా నాకు నీళ్లు తాగించింది మీరు కాదూ?”

“ఓహో, మీరా! అది పరిశోధన కోసమమ్మా. మీరు ఒప్పుకునే చేరారుగా.”

“చేరాను. పొడిచినన్ని సూదులు పొడిపించుకున్నాను. చివరికి ఏం తేలింది?”

“నీళ్లు తాగితే ప్రమాదమేమీ లేదని తేలింది. వాంతులు, నీరసం తగ్గాయి. డాక్టర్ల పెద్ద సభలో ఆ ఫలితాలు చదివితే అందరూ లేచి చప్పట్లు కొట్టారు.”

“మరి మా చెల్లి ఏం పాపం చేసింది?”

“పరిశోధన అయిపోయింది కదా, వార్డులో మళ్లీ పాత పద్ధతే. మార్చాలంటే కమిటీ కూర్చోవాలి.”

“ఎప్పుడు కూర్చుంటుంది?”

“అందరికీ తీరిక దొరకాలిగా.”

“ఆ కమిటీకి పెద్దెవరు?”

“నేనే.”

ఆమెకి ఒళ్లు మండిపోయింది.

“నా తర్వాత వచ్చేవాళ్లకి మేలు జరుగుతుందని చెప్పి నన్ను ఒప్పించారు. నా తర్వాత వచ్చింది నా చెల్లెలే. మేలు మాత్రం మీ చప్పట్ల దగ్గరే ఆగిపోయింది!”

డాక్టరు బల్ల మీది నీళ్ల సీసా మూత తిప్పాడు. ఆమె చెయ్యి చాచి సీసా లాగేసుకుంది.

“గొంతు ఆరిపోతోందా? ముందు వార్డుకి ఫోన్ చెయ్యండి. మా చెల్లి తాగాక మీరు తాగుదురుగాని.”