దేవుని అర్రలో కడిగిన రీలు

పొలం హద్దురాళ్లు జరిపిన దాయాదిని మర్నాటి పంచాయితీలో పట్టివ్వాలని, జంగారెడ్డి దొంగచాటుగా ఫొటోలు తీసి రీలును ఇంట్లోనే కడిగాడు. అది బొగ్గులా నల్లబడేసరికి, శామీర్‌పేటలో స్టూడియో నడిపే ఫణిభూషణ్ దగ్గరికి పట్టుకొచ్చాడు.

“రీలు కడిగే మందు వేడెక్కిందాండీ?”

“లేదు సార్. కుండల నీళ్లే కలిపిన.”

“ఎక్కువసేపు ఉంచారా?”

“గడియారం చూసే తీసిన.”

“అయితే వెలుతురు తగిలిందండీ.”

“కిటికీ లేని అర్ర సార్. దర్వాజ సందులల్ల గోనెసంచులు గూడ కుక్కిన.”

“ఏ గదండీ అది?”

“దేవుని అర్ర.”

ఫణిభూషణ్ కళ్లద్దాలు తీశాడు. “మరి దీపం?”

“ఎలుగుతుండె.”

“ఆర్పలేదా?”

జంగారెడ్డికి మనసు చివుక్కుమంది.

“గిదేం మాట సార్? పంచాయితీల గెలవాలని మొక్కి పెట్టిన దీపం. ఎవలన్న చేతులార ఆర్పుకుంటరా?”